కారు కింద చూశారా?

కొత్త కారు ఇంటికొస్తే ముందు గుడికి తీసుకెళ్తాం. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్ వేస్తాం. బొట్లు పెడతాం, దండ వేస్తాం. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఏటా దసరాకి మళ్లీ అదే వరస. వారానికోసారి అద్దాలు తుడుస్తాం. పక్కింటి కుర్రాడి సైకిల్ తగిలి చిన్న గీత పడితే రెండు రోజులు అన్నం సహించదు. ఇంత ప్రేమా పైపైనే! ఒక్కసారి మోకాళ్ల మీద కూర్చుని, తల వంచి, ఆ కారు పొట్ట ఎలా ఉందో చూసినవాళ్లు ఎంతమంది?

పాత కారు చావు చాలాసార్లు అక్కణ్నుంచే మొదలవుతుంది. ఇంజిన్ మొరాయిస్తే బాగు చేయించుకోవచ్చు. గేర్‌బాక్స్ పోతే మరొకటి వేయించుకోవచ్చు. అడుగు రేకుని తుప్పు తినేస్తే మాత్రం ఎంత మంచి మెకానిక్ అయినా ముందు తల అడ్డంగానే ఊపుతాడు.

సముద్రం పక్కన ఉండేవాళ్లకి ఈ సంగతి తెలిసుండాలి. విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో ఉండే ఓ రిటైర్డ్ లెక్చరర్‌గారికి మాత్రం 2024 సంక్రాంతికి గానీ తెలియలేదు. అదీ ఓ గోళీ వల్ల.

ఆయనది 1999లో కొన్న మారుతీ 800. పీఎఫ్‌లోంచి లోను తీసి కొన్నారు. కూతురి పెళ్లి శుభలేఖలన్నీ అందులోనే తిరిగాయి. ఆయన భార్య నలభై ఏళ్లు దాటాక డ్రైవింగ్ నేర్చుకున్నదీ, మొదటిసారి సింహాచలం ఘాట్ రోడ్డు ఒంటరిగా ఎక్కించిందీ ఆ కారునే. అందుకే అది ఆయన కారు అంటే ఆవిడ ఒప్పుకోరు. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఈలోగా మూడు కార్లు మార్చాడు. వచ్చినప్పుడల్లా 'ఇంకా ఎన్నాళ్లు నాన్నా?' అంటాడు. ఈయన విననట్టే ఉంటారు.

పండక్కి వచ్చిన మనవరాలు వెనక సీట్లో కూర్చుని గోళీలు లెక్క పెట్టుకుంటుంటే ఒకటి కింద పడింది. ఇంటికొచ్చాక ఎంత వెతికినా దొరకలేదు. మ్యాటు తీశారు, దాని కింద తివాచీ లేపారు. ఎడమవైపు మూలన, సరిగ్గా ఆ పిల్ల కాళ్లు పెట్టుకునే చోట, రూపాయి బిళ్లంత కంత. అందులోంచి వాకిట్లో వేసిన ముగ్గు కనిపిస్తోంది. 'తాతయ్యా, మన కారుకి కిందా కిటికీ ఉంది' అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు. ఆయన, కొడుకు మాత్రం నవ్వలేదు. తండ్రి మొహం చూసి కొడుకూ ఆ పూటకి ఏమీ అనలేదు.

మర్నాడు బండి మెకానిక్ దగ్గరికి వెళ్లింది. అతను పైకెత్తి టార్చి వేసి చూసి, 'ఏటండీ మాస్టారూ, పైన చూస్తే పెళ్లికొడుకులాగుంది, కింద చూస్తే పాడుగోడలాగుంది' అన్నాడు. స్క్రూడ్రైవర్ పిడితో తడుతూ పోతుంటే కొన్నిచోట్ల ఠంగుమంది, కొన్నిచోట్ల బొద్దుగా మోగింది. బొద్దుగా మోగిన చోట మొనతో కాస్త నొక్కితే లోపలికి దిగిపోయింది. అంతకంటే పెద్ద విషయం ఆ తర్వాత చూపించాడు. ముందు నుంచి వెనక చక్రాలకి వెళ్లే సన్నని బ్రేకు గొట్టం. ఓ క్లిప్పు దగ్గర పొలుసులు పొలుసులుగా లేచి ఉంది. అది ఉక్కు గొట్టం. పెడల్ నొక్కినప్పుడు అందులో బ్రేకు ఆయిల్ చాలా ఒత్తిడితో పరుగెడుతుంది. తుప్పుకి పల్చబడిన గొట్టం మామూలుగా కారు వాకిట్లో ఉన్నప్పుడు పగలదు. గట్టిగా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడే పగులుతుంది. అంటే, సరిగ్గా బ్రేకు కావాల్సినప్పుడు!

అంతకు రెండు రోజుల ముందే ఆ కారులో ఐదుగురు సింహాచలం కొండ దిగి వచ్చారు.

*

ఇనుముకి తుప్పు పట్టాలంటే రెండే కావాలి, గాలీ నీరూ. వాటికి ఉప్పు తోడైతే పని చకచకా సాగిపోతుంది. ఉప్పు కలిసిన నీటిలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహిస్తుంది. తుప్పు అనేది నిజానికి రేకు మీద జరిగే చిన్న చిన్న బ్యాటరీల పనే కాబట్టి ఉప్పునీరు దానికి పండగ.

'మా కారు వానలో తడవనే తడవదు, షెడ్డులోనే ఉంటుంది' అనేవాళ్లుంటారు. వంటింట్లో ఉప్పు డబ్బాని అడగండి, నిజం చెబుతుంది. ముసురు పట్టిన రోజుల్లో దాని మూత తీస్తే ఉప్పు చెమ్మగిల్లి ముద్ద కట్టి ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని తానే పీల్చుకుని నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం లవణాలు కూడా ఉంటాయి, అవి ఇంకా తక్కువ తేమకే తడుస్తాయి. కెరటాలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపర గాలిలో తేలివచ్చి కారు అడుగున, చక్రాల గూళ్లలో అంటుకుంటుంది. విశాఖలాంటి ఊళ్లో తేమకి కరవేముంది? చినుకు పడకపోయినా ఆ రేకు రాత్రంతా ఉప్పునీళ్లలో నానుతున్నట్టే. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఈ బాధ త్వరగా తగ్గిపోతుంది. అందుకే ఒకే ఏడాది కొన్న రెండు కార్లలో బీచ్ రోడ్డుది ముసలిదైపోతుంది, అనకాపల్లిది నిక్షేపంలా ఉంటుంది. ఇక ఫిషింగ్ హార్బర్ నుంచి చేపల బుట్టలు మోసే ఆటోల సంగతి చెప్పక్కర్లేదు. ఐసు కరిగి కారే నీళ్లు వాటి ఒంటి మీదే ఆరుతుంటాయి.

అదే ఊళ్లో ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా నిలబడ్డ ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామిని చూసే ఉంటారు. మూడు దశాబ్దాలకు పైగా నౌకాదళంలో పనిచేసిన ఉక్కు దేహం అది. ఒడ్డున నిలబెట్టినంత మాత్రాన దానికి విశ్రాంతి లేదు. ఎప్పటికప్పుడు గోకి, రంగులు వేయాల్సిందే. జలాంతర్గామికే తప్పనిది 800 కారుకి తప్పుతుందా!

తుప్పుకి ఇంకో దుర్గుణం ఉంది. రాగికి పట్టే చిలుము, అల్యూమినియం మీద ఏర్పడే పొర కింది లోహాన్ని కొంత కాపాడతాయి. ఇనుము తుప్పు అలా కాదు. గుల్లగా ఉంటుంది, తేమని పట్టి ఉంచుతుంది. పైగా అది మూల లోహం కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద పొక్కులు లేస్తాయి. బయటికి చిన్న పొక్కు కనిపించిందంటే లోపల అరచేయంత మేర తినేసి ఉండొచ్చు.

మారుతీ 800 లాంటి కార్లకి ఇది మరీ ప్రమాదం. పాత జీపులకి, లారీలకి కింద విడిగా దిట్టమైన ఛాసిస్ ఉంటుంది. వాటి బాడీ తుప్పు పట్టినా మోసే ఎముకలు వేరు. ఈ చిన్న కార్లకి బాడీయే ఎముక. అడుగు రేకు, తలుపుల కింద ఉండే బోలు దూలాలు అన్నీ కలిసే బరువు మోస్తాయి, గుద్దుకుంటే కాచుకుంటాయి.

*

'అమ్మేద్దాం నాన్నా' అన్నాడు కొడుకు, ఈసారి కాస్త గట్టిగానే. 'పదో పరకో వస్తుంది. చిన్నపిల్ల కూర్చుంటోంది అందులో.' ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ఆయనా పట్టలేదు. 'బాగవకపోతే నేనే తుక్కుకిచ్చేస్తాను. వేసవి దాకా ఆగు' అన్నారు. అప్పటిదాకా కారు కదలకూడదని షరతు పెట్టింది మాత్రం ఆయన భార్య. తాళం తీసి బీరువాలో పెట్టుకున్నారు.

ఆయన ముందు పనిని రెండుగా విడగొట్టారు. చేతకానివి, చేతనయ్యేవి. బ్రేకు గొట్టం మెకానిక్ మార్చాడు. కంత పడ్డచోట, మొన దిగిపోయినచోట టింకరింగ్ షాపులో కుళ్లిన రేకు కోసేసి కొత్త రేకు వెల్డింగ్ చేశారు. ఇక్కడ చాలామంది ఓ పొరపాటు చేస్తారు. కంత మీద ఎంసీల్ పూసేసో, ఫైబర్ గుడ్డ అంటించేసో పైన రంగేస్తారు. కంటికి బాగుంటుంది, బలం రాదు. పైగా అమ్మేటప్పుడు కొనేవాణ్ని మోసం చేసినట్టు. బరువు మోసే రేకుకి రేకే వైద్యం.

మిగిలిన పని ఇంట్లోనే. నిజానికి ఇది పెద్ద విద్యేం కాదు, ఓపిక కావాలి. ఫిబ్రవరి నెలాఖరు చూసి మొదలుపెట్టారు. తడి రేకు మీద ఏ మందు పూసినా వృథా కాబట్టి వానలు లేని కాలమే దీనికి సరి.

ముందు కడగడం. మోటారుకి గొట్టం తగిలించి చక్రాల గూళ్లలో, అడుగున ఉన్న మట్టినంతా వదిలించారు. మూడు బకెట్ల మట్టి వచ్చిందంటే నమ్మరు! గూళ్ల అంచు మడతల్లో ఇరుక్కున్న మట్టి స్పాంజిలా తేమని పట్టి ఉంచుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఊరిని ఊడ్చేసినప్పుడు చెట్టు కింద వారం రోజులు ఆగిపోయిన ఈ కారుని, ఆ తర్వాత పైన మాత్రమే కడిగించిన సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. ఎండుటాకులు ఇంకా కొన్ని రంధ్రాల్లో ఉన్నాయి. ఒక ముఖ్యమైన విషయం. బీచ్‌కి దగ్గర ఇళ్లలో కొన్నిచోట్ల బోరు నీళ్లే ఉప్పగా ఉంటాయి. వాటితో కడిగితే రోగానికి రోగమే మందన్నట్టు. కుళాయి నీళ్లే వాడాలి.

కారు ఎత్తడం దగ్గర ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ఆయన డిక్కీలోంచి జాకీ తీయబోతే ఆవిడ గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. 'ఏవండీ, జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని కిందకి దూరతానంటే నేను ఒప్పుకోను' అన్నారు. ఆవిడే రైటు. టైరు మార్చుకోవడానికి ఇచ్చే జాకీ టైరు మార్చుకోవడానికే. కాస్త కుదుపుకి అది జారిందంటే ఆరేడు వందల కిలోల ఇనుము మనిషి గుండెల మీద పడుతుంది. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు కూడా పనికిరావు, ఒక్కసారిగా పొడైపోతాయి. స్పేర్‌పార్టుల కొట్లో దొరికే ఇనుప స్టాండ్లు జత కొనుక్కొచ్చారు. గట్టి సిమెంటు నేల మీద, ఒకసారికి రెండు చక్రాలే లేపి, కింద ఉన్న చక్రాలకి చెక్క దిమ్మెలు అడ్డం పెట్టారు. స్టాండ్ల మీద దించాక కారుని గట్టిగా ఊపి చూశారు. అయినా ఆవిడ పనున్నంతసేపూ ముక్కాలిపీట వేసుకుని, ఫోను చేతిలో పట్టుకుని అక్కడే కూర్చున్నారు. చిక్కుడుకాయలన్నీ అక్కడే వలిచేవారు.

తర్వాత గోకడం. తీగ బ్రష్షు, పట్టీ, గరుకు కాగితం. కళ్లకి అద్దాలు, ముక్కుకి గుడ్డ లేకుండా కిందికి వెళ్లకూడదు. పైకి చూస్తూ గోకుతాం కాబట్టి తుప్పు పొలుసులన్నీ కళ్లలోకే రాలుతాయి. పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాల దగ్గర నిప్పురవ్వలు లేపే గ్రైండర్లాంటివి వద్దు, చేత్తోనే నిదానంగా.

ఇక్కడే ఆయనకి ఓ ఆశ్చర్యం ఎదురైంది. కొన్న కొత్తలో అదనంగా డబ్బు కట్టి వేయించిన తారులాంటి నల్లటి పూత చూడ్డానికి ఇంకా ఎంతో గట్టిగా ఉంది. గోరు దూర్చి లాగితే అప్పడంలా లేచి వచ్చింది. కింద రేకు ఎర్రగా పొడి పొడి! ఈ పూతలు కొన్నాళ్లు బాగానే కాపాడతాయి. ఏళ్లు గడిచి గట్టిపడి, వెంట్రుకవాసి బీట పడితే నీరు లోపలికి వెళ్తుంది, బయటికి రాదు. కాపలావాడే దొంగకి తలుపు తీసినట్టు. కాబట్టి పాత పూత గట్టిగా అంటుకుని ఉన్నచోట వదిలేయాలి, లేచినచోట నిర్దాక్షిణ్యంగా ఊడదీయాలి. పాత పూత మీదే కొత్త పూత కొట్టించుకోవడం డబ్బులిచ్చి తుప్పుని దాచుకోవడమే.

ఎంత గోకినా రేకు గుంటల్లో కొంత తుప్పు మిగులుతుంది. దానికి మార్కెట్లో 'రస్ట్ కన్వర్టర్' పేరుతో ద్రావణాలు దొరుకుతాయి. కొన్నింటిలో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. కొన్నింటిలో ఉండేది టానిక్ ఆమ్లం. అది పూస్తే ఎర్రటి తుప్పు చూస్తుండగానే నల్లబడుతుంది. ఈ ఇంద్రజాలం మన తెలుగువాళ్లకి కొత్తేం కాదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు బట్టని కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి పులియబెట్టిన నీళ్లలో కలం ముంచి గీస్తారు. గీత పడగానే కాటుక నలుపు! కరక్కాయలోని టానిన్, నీళ్లలోని ఇనుము కలిసి పుట్టే రంగు అది. కారు కింద జరిగేదీ అదే రసాయనం. అలాగని కరక్కాయ కషాయం కాచి కారుకి పూస్తే సరిపోదు లెండి. డబ్బా మందులో దాన్ని పొరలా పట్టి ఉంచే పదార్థాలు వేరే ఉంటాయి. చేతికి రబ్బరు తొడుగులు తప్పనిసరి.

మందు ఆరాక ప్రైమర్. పల్లెల్లో కిటికీ ఊచలకి వేసే రెడ్ ఆక్సైడ్ చవకే గానీ, దానొక్కదాన్నే పూసి వదిలేస్తే కారు కింద నిలవదు, పైన మరో పొర ఉండాల్సిందే. జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్ శుభ్రమైన రేకు మీద బాగా పనిచేస్తుంది. జింక్ తాను ముందు కరిగి ఇనుముని బతికిస్తుంది. కొత్తగా వెల్డింగ్ చేసిన రేకుకి ఆయన అదే వాడారు. దాని మీద రెండు పూతలు గట్టి పెయింటు. ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. తొందర పడినచోటల్లా రంగు ముడతలు పడి మళ్లీ గోకాల్సి వచ్చింది.

రంగు చేరలేని చోట్లుంటాయి. తలుపుల కింది బోలు దూలాలు అలాంటివే. వాటిలో తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. వాటికి మైనంలాంటి నూనె మందులు మంచివి. ఆరిపోయినా మెత్తగా ఉంటాయి, సందుల్లోకి పాకుతాయి. గొర్రె ఉన్నినుంచి తీసే లానోలిన్‌తో చేసినవీ ఉన్నాయి. వానలో గొర్రె ఒంటికి నీరు పట్టకుండా కాపాడే జిడ్డే అది. సన్నని గొట్టంతో రంధ్రాల్లోంచి లోపలికి చల్లారు.

మెకానిక్ షెడ్డులో వాడేసిన ఇంజిన్ ఆయిల్ ఊరికే ఇస్తారు కదా, అది కొడితే పోలా అని సలహా ఇచ్చినవాళ్లు చాలామందే. ట్రాక్టర్లకి, లారీలకి కొట్టించడం మామూలే. నీరు అంటకుండా చేస్తుంది, నిజమే. కానీ సస్పెన్షన్‌లోని రబ్బరు బుష్‌లని ఉబ్బించి చెడగొడుతుంది, దుమ్ముని పట్టేస్తుంది, వాకిట్లో కారి మట్టినీ నీటినీ పాడు చేస్తుంది. మాడిన ఆయిల్‌లో క్యాన్సర్ తెచ్చే పదార్థాలుంటాయి, ఒంటికి పూసుకునే వస్తువు కాదు.

పూయాల్సిన చోటెంత ముఖ్యమో పూయకూడని చోటూ అంతే. బ్రేకు డిస్కులు, డ్రమ్ములు, సైలెన్సర్ గొట్టం, రబ్బరు భాగాలు, హ్యాండ్‌బ్రేకు కేబుల్... వీటికి పాత పత్రికలు చుట్టి టేపు వేశారు. తలుపుల అడుగున, దూలాల అడుగున నీరు పోయేందుకు చిన్న చిన్న రంధ్రాలుంటాయి. ఉత్సాహంలో వాటిని పూడ్చేశామా, కారుకి మనమే తొట్టి కట్టినట్టు.

ఇంత చేశాక ఆయనకి అసలు దొంగ దొరికింది. వెనక మూల రేకు కింద నుంచి కుళ్లలేదు, పైనుంచి కుళ్లింది! వెనక అద్దం రబ్బరు గట్టిపడి వాన నీరు లోపలికి జారి తివాచీ కింద చేరుతోంది. పైన మ్యాటు ఎప్పుడూ పొడిగానే ఉంటుంది. కింద దళసరి తివాచీ నెలల తరబడి తడిగా ఉంటుంది. రబ్బరు మార్పించారు. తివాచీ తీసి మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టారు.

రంగులకి, మందులకి, స్టాండ్లకి కలిపి వెల్డింగ్ ఖర్చు కంటే తక్కువే అయింది. ఆదివారాలే తొమ్మిది పట్టాయి. నడుం నొప్పి అదనం. ఆ నవంబరుతో కారుకి పాతికేళ్లు నిండుతాయి. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లే చెల్లుతుంది, ఆపై ఐదేళ్లకోసారి బండి చూపించి పొడిగించుకోవాలి. 600 రూపాయలుండే ఆ రుసుము 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. 'తుక్కుకిస్తే వాళ్లే ఎదురిస్తారు' అని కొడుకు గుర్తు చేశాడు. ఆయన ఐదు వేలు కట్టారు, గ్రీన్ ట్యాక్స్ కూడా కట్టారు. అంతకుముందు ఒక పని చేశారు. కొడుకుని పిలిచి, కారు కిందికి దూరి నీ చేత్తోనే స్క్రూడ్రైవర్‌తో తట్టి చూసుకో, ఎక్కడైనా దిగితే అమ్మేద్దాం అన్నారు. అతను ముప్పావుగంట తట్టాడు. బయటికొచ్చి ఒళ్లు దులుపుకుని, 'వెనక సీటుకి బెల్టులు కొత్తవి వేయిద్దాం' అన్నాడు. తాళం బీరువాలోంచి బయటికొచ్చింది.

ఇప్పుడు తీరంవైపు వెళ్లి వచ్చిన ప్రతిసారీ గొట్టంతో కింద నీళ్లు కొట్టడం ఆవిడ పని. వాన వెలిసిన వెంటనే ప్లాస్టిక్ కవరు కప్పడం మానేశారు, లోపల చెమ్మ ఉడుకుతుందని. 2025 ఫిబ్రవరిలో ఆయన మళ్లీ స్టాండ్లు వేసి తట్టి చూశారు. కొత్త రేకు ఠంగుమంది. కుడివైపు దూలం మీద మాత్రం ఒకచోట శబ్దం కొంచెం మారింది. అక్కడ పసుపు పెయింటుతో సున్నా చుట్టి, లోపలికి మరోసారి మైనం చల్లి, డైరీలో తేదీ రాసుకున్నారు. ముక్కాలిపీట మీద నుంచి ఆవిడ, 'అయిందా? ఇక బయటికి రండి' అన్నారు.